సిజేరియన్ అయిన బాలింతను ఇంట్లో చూసుకోవడం: ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగు ఇళ్ళ కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగు ఇళ్ళలో పురుడు చూసుకోవడం రాని పెద్దావిడ ఉండరు. కాయం (బాలింతకు పెట్టే మందు) ఎప్పుడు పెట్టాలి, తలకి ఎప్పుడు పోయాలి, నడుం ఎలా కట్టాలి, అన్నీ నోటికి వచ్చు. అయితే ఆ లెక్కలన్నీ మామూలు కాన్పును చూసి వేసినవి. సిజేరియన్‌లో చర్మం, దాని కింద కొవ్వు, కండ మీది గట్టి పొర, లోపలి పొర, చివరికి గర్భసంచి, ఇన్నిటినీ కోసి మళ్ళీ కుడతారు. అపెండిక్స్ ఆపరేషన్ అయిన మనిషికి ఇంట్లో ఎవరూ నీళ్ళు తగ్గించరు. అంతకంటే పెద్ద ఆపరేషన్ అయి, రాత్రంతా బిడ్డకు పాలిచ్చే అమ్మాయికి మాత్రం నీళ్ళూ తగ్గిస్తారు, పప్పూ మాన్పిస్తారు. అందుకే మా వాళ్ళకు నేను చెప్పే మాట ఒకటే: ఇంటికి వచ్చిన అమ్మాయి ముందు ఆపరేషన్ పేషంటు, ఆ తర్వాతే బాలింత. ఆచారానికీ ఆపరేషన్‌కీ పేచీ వచ్చిన చోట ఆపరేషన్ మాటే నెగ్గాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆమెకని ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే, ఇక్కడ రాసినదాని కంటే అదే పైన.

ఆస్పత్రిలో ఉండగానే మొదలుపెట్టాల్సినవి

వెన్నులో ఇంజక్షన్ ఇచ్చి చేస్తే కాళ్ళు కొన్ని గంటలు మొద్దుబారి ఉంటాయి. అంతమాత్రాన బిడ్డ పాలు ఆగక్కర్లేదు. తల్లి మెలకువగా ఉండి, బిడ్డ బాగుంటే తొలి గంటలోనే రొమ్ము పట్టించవచ్చు. ‘మత్తు దిగనీ’ అని పంచదార నీళ్ళో తేనో నాకించకండి. పట్టించడానికి సాయం కావాలంటే వార్డులో నర్సు దీదీని అడగండి. కసురుకుంటారేమోనని మొహమాటపడితే నష్టం మన బిడ్డకే.

నీళ్ళు, జావ ఎప్పుడు ఇవ్వాలో నర్సు చెప్పినప్పుడే ఇవ్వండి. అదే సమయంలో, ఆస్పత్రివాళ్ళు తినమన్నాక కూడా ‘గాలి పోలేదు కదా’ అని కడుపు మాడ్చడం పాత పద్ధతి. మూత్రం గొట్టం సాధారణంగా మర్నాటికి తీసేస్తారు. తీశాక ఆరు గంటల్లో మూత్రం రాకపోతే చెప్పాలి. పొట్ట కింద బిగుతుగా ఉందని ఆమె అంటే అంతసేపు కూడా ఆగకూడదు.

నడక మొదటి 24 గంటల లోపే మొదలవ్వాలి. కుట్లు పిగిలిపోతాయేమోనని ఇంట్లో అందరికీ ఇక్కడే టెన్షన్. లేచి నిదానంగా నాలుగడుగులు వేస్తే కుట్లు పిగలవు. కదలకుండా పడుకుంటేనే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు తర్వాతి వారాల్లో ఆ ప్రమాదం ఎలాగూ ఎక్కువ, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. మొదటిసారి లేచినప్పుడు కళ్ళు తిరగవచ్చు కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలి.

లేచే పద్ధతి ఆమెతో పాటు మీరూ నేర్చుకోండి. వెల్లకిలా ఉన్న మనిషిని చేతులు పట్టి లాగితే భారమంతా కోత మీదే పడుతుంది. ముందు మోకాళ్ళు మడవాలి. ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిప్పాలి. కాళ్ళు మంచం దించుతూ, మోచెయ్యి ఆనించి లేచి కూర్చోవాలి. ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది. చుట్టాలు వచ్చి జోకులేస్తారు కాబట్టి దిండు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

నొప్పి మాత్రలు ‘నొప్పి వస్తే వేసుకుంటాను’ అని దాచుకోవడం మన ఆడవాళ్ళకు అలవాటు. మొదటి కొన్ని రోజులు రాసిచ్చిన వేళకే వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే అది అణగడం కష్టం, ఆమె నడవదు, సరిగా పాలు పట్టదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి పాలిచ్చే తల్లులకు మామూలుగా రాసేవే. రాసిచ్చింది పక్కన పెట్టి మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ఘాటు మాత్ర మాత్రం వద్దు. కూర్చుంటే తల పగిలిపోతూ, పడుకోగానే తగ్గితే అది వెన్ను ఇంజక్షన్ వల్ల వచ్చే తలనొప్పి కావచ్చు. దానికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పండి.

డిశ్చార్జి రోజు అడగాల్సినవి

కాగితం చేతిలో పెట్టగానే ఆటో పిలవకండి. కుట్లు వాటంతట అవే కరిగేవా, తీయాల్సినవా, తీయాలంటే ఏ రోజు? హిమోగ్లోబిన్ ఎంత ఉంది? ఏ మాత్ర ఎన్నాళ్ళు? బీపీ గానీ షుగర్ గానీ ఉండి ఉంటే మళ్ళీ ఎప్పుడు చూపించాలి? తల్లి బ్లడ్ గ్రూపు నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజక్షన్ ఇచ్చారా? (అది 72 గంటల లోపు పడాలి.) బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా అయ్యాయా? కోడలు ఆంధ్రా వైపు నుంచి వచ్చి ఒడియా సరిగా రాని పిల్లయితే, డాక్టరు రౌండుకు వచ్చే వేళకు ఇంట్లో ఒడియా బాగా వచ్చినవాళ్ళు పక్కన ఉండాలి.

ప్రభుత్వాసుపత్రిలో అయితే తొందరపడి ఇంటికి రావద్దు. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్, మందులు, రక్తం, ఏడు రోజుల వరకూ భోజనం, ఇంటికి దింపే బండి, అన్నీ ఉచితం. 102కు ఫోన్ చేసి బండి అడగవచ్చు.

దారి సంగతి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం అంటే హైవే మీద పెద్ద ప్రయాణం కాదు. పర్లాకిమిడికి పాతపట్నం పక్కనే. జయపురం నుంచి సుంకి ఘాటీ దిగి సాలూరు పుట్టింటికి వెళ్ళాలంటే మాత్రం ఆలోచించాల్సిందే. బైకు మీద ఎక్కించకండి. కారులో సీటు బెల్టు పెట్టుకుని, బెల్టుకీ పొట్టకీ మధ్య మెత్తటి తువ్వాలు ఉంచండి. గంటా గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు నడిపించండి. వీలైతే దూర ప్రయాణం కొన్ని వారాలు వాయిదా వేసి, పుట్టింటివాళ్ళే ఇక్కడికి వచ్చి ఉండడం మేలు.

సరిహద్దు దాటితే ఇంకో చిక్కుంది. కాన్పు శ్రీకాకుళంలోనో విశాఖలోనో అయి అత్తవారింటికి వస్తే, ఇక్కడి ఆశా దీదీకి ఆ సంగతే తెలియదు. ఇక్కడ ఆపరేషన్ అయి పుట్టింటికి వెళ్తే అక్కడి ఆశా కార్యకర్తకూ అంతే. వచ్చిన రోజే కబురు పెట్టి, తల్లీబిడ్డల కార్డు చూపించండి. సిజేరియన్ అయిన తల్లి ఇంటికి ఆశా 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఆ అయిదు సార్లు ఇంటికొచ్చి చూసే మనిషిని మనం పోగొట్టుకోకూడదు.

గది, బాత్రూమ్, బట్టలు

మూలగది, మూసిన కిటికీలు, మంచం కింద కుంపటి, తలుపు దగ్గర సాంబ్రాణి: ఇది పాత పురిటి గది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వల్ల విషవాయువు చేరి ప్రాణాలే పోతాయి. వాసన రాదు కాబట్టి తెలియదు కూడా. కుంపటి పూర్తిగా మానెయ్యండి. పొగ బిడ్డ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కిటికీ తెరవండి, ఫ్యాను వేయండి. బరంపురం ఉక్కలో చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒంటి మీద దుప్పటి వేసి కూర్చోబెడితే చెమట కోత దగ్గరే చేరుతుంది. దోమతెర తప్పనిసరి, ముఖ్యంగా కొరాపుట్, రాయగడ, గజపతి కొండప్రాంతాల్లో.

మంచం మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకూడదు. నేల మీద చాప వద్దు, కింద నుంచి లేవడమే ఆమెకు పెద్ద పని. ఇండియన్ లెట్రిన్ ఉన్న ఇళ్ళలో గొంతుక్కూర్చోవడం మొదటి రెండు వారాలు నరకం. మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అద్దెకిచ్చేవాళ్ళూ ఉంటారు. ఉయ్యాలకు పెట్టే ఖర్చులో ముందు ఇది కొనమంటాను.

లంగా ముడి సరిగ్గా కోత మీదికి వస్తుంది. మొదటి ఆరు వారాలు వదులు నైటీలే వేసుకోవాలి, చీర కట్టాల్సివస్తే ముడి బొడ్డు పైకి వేసుకోవాలి.

కోత

దీనికి చేయాల్సింది తక్కువ, చేయకూడనివి ఎక్కువ. డాక్టరు స్నానం చేయమన్నాక గోరువెచ్చటి నీళ్ళు మీద నుంచి జారనిచ్చి, మామూలు సబ్బు నురగతో తేలిగ్గా కడిగి, శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. రుద్దకూడదు. పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరినూనె, బూడిద, పౌడరు, ఏదీ పెట్టకూడదు. ఇంటి పసుపు మంచిదే కావచ్చు, అది కూరలో వేయండి. ఒళ్ళున్న అమ్మాయికి పొట్ట మడత కోత మీద పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు పడుకోబెట్టి, మడత ఎత్తి గాలి తగలనివ్వాలి. ఈ మడతలో తడి ఉంటే కుట్లు చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

పురిటి స్నానంలో వేడినీళ్ళు చెంబుతో పొట్ట మీద విసిరి కొట్టడం, పొట్టకు నూనె మర్దనా, ఈ రెండూ ఆపరేషన్ అయినవాళ్ళకు వద్దు. చేతులు, కాళ్ళు, వీపు తేలిగ్గా నూనె రాసి పట్టించుకుంటే హాయిగానే ఉంటుంది. పిక్క నొప్పిగా, వాపుగా ఉంటే మాత్రం దాన్ని పిసకకూడదు, డాక్టరుకు చూపించాలి. నడికట్టు విషయంలో నాకు పట్టుదల లేదు. డాక్టరు ఒప్పుకుంటే మెత్తటి బెల్టు నడిచేటప్పుడు ఆసరాగా ఉంటుంది. ‘పొట్ట లోపలికి పోవాలి’ అని పాత చీరతో ఊపిరాడకుండా బిగించడం వేరే సంగతి, అది మానాలి.

కోత చుట్టూ మొద్దుబారినట్టుండడం, దురద, అప్పుడప్పుడు చురుక్కుమనడం నెలల తరబడి ఉండవచ్చు. దానికి భయపడక్కర్లేదు.

తిండీ నీళ్ళూ: అసలు గొడవంతా ఇక్కడే

‘నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది, కుట్లు పచ్చిగా ఉంటాయి.’ తప్పు. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది. ముక్కితే కోత మీద ఒత్తిడి. మూత్రంలో మంట మొదలవుతుంది. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువే. దాహం వేసినప్పుడల్లా, పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక గ్లాసు చేతికివ్వండి. కాచి చల్లార్చినవి అయితే చాలు.

‘పప్పు తింటే చీము పడుతుంది.’ ఇది మన తెలుగువాళ్ళు గట్టిగా నమ్మే మాట. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. తెగిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులే ఇటుకలు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, కోడి, ఏది అలవాటుంటే అది మొదటి వారం నుంచే పెట్టాలి. ఒడియా వాళ్ళ డాల్మా ఉంది చూశారా, కందిపప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడికాయ ముక్కలు వేసి మెత్తగా ఉడికించేది, బాలింతకు అంతకంటే మంచి వంట నాకు తోచదు. పక్కింటి మావుసీని అడిగితే చేసిస్తుంది కూడా.

మన పాత వంటల్లో ఉంచుకోవాల్సినవి చాలా ఉన్నాయి. మునగాకు తెలకపిండి కూర, చోడి అంబలి, వెల్లుల్లి వేసిన బీరకాయ, పొట్లకాయ, కాసింత నెయ్యి, నువ్వులు బెల్లం. కాయం, శొంఠి, వాము కూడా వంటలో వేసుకునే మోతాదులో తప్పులేదు. ఒట్టి కారం అన్నం మీద పది రోజులు ఉంచడమే తప్పు. గోపాల్‌పూర్ తీరాన పాలు పడతాయని పాలసొర పిట్టు పెడతారు. సొరలాంటి పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది కాబట్టి దాని బదులు కవళ్ళు, మెత్తళ్ళు లాంటి చిన్న చేపలు పెట్టండి. పాలు బాగా పడేది ఏ చేప వల్లా కాదు, బిడ్డ తరచుగా తాగడం వల్ల.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు దాదాపు 600 కాలరీలు అదనంగా కావాలి. అంటే మూడు పూటల భోజనానికి తోడు మధ్యలో రెండు సార్లు గట్టి పలహారం. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి పొట్లాన్ని ఇంట్లో అందరూ పంచుకోకండి, అది ఆమెది. పాలలో కలిపి జావ కాచినా, బెల్లంతో ఉండ చేసినా బాగుంటుంది.

ఐరన్ మాత్ర రోజుకొకటి 180 రోజులు, కాల్షియం రోజుకు రెండుసార్లు ఆరు నెలలు ప్రభుత్వమే ఇస్తుంది. రెండూ కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. కాల్షియం భోజనంతో, ఐరన్ భోజనమైన రెండు గంటలకు వేసుకోవాలి. ఐరన్‌కు ముందూ వెనకా టీ వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే. గట్టిపడితే బొప్పాయి పండు, ఆకుకూర, నీళ్ళు. అప్పటికీ లొంగకపోతే విరేచనం మెత్తబడే మందు డాక్టరును అడగండి, నామోషీ వద్దు.

పాలు పట్టడం

కోత మీద బిడ్డ కాళ్ళు తన్నకుండా ఉండే భంగిమలు రెండు. ఒకటి, తల్లీబిడ్డా ఎదురెదురుగా పక్కకు తిరిగి పడుకోవడం. రెండోది, తల్లి పక్కన దిండు వేసి, బిడ్డ ఒళ్ళు ఆమె చంక కిందికి, తల రొమ్ము దగ్గరికి వచ్చేలా పట్టుకోవడం. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. ఆపరేషన్ అయితే పాలు నిండుగా దిగడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ రెండు రోజుల్లో ‘పాలు లేవు’ అని డబ్బా తెప్పించేది ఎక్కువగా మనమే. బిడ్డ మూత్రం పోస్తున్నాడా, బరువు ఎలా ఉంది అని ఆశా దీదీతో చూపించి, ఆ తర్వాతే ఏ మాటైనా. బిడ్డను ఎత్తి అందించడం, తేనుపు తీయించడం, గుడ్డలు మార్చడం ఇంట్లోవాళ్ళ పని. రాత్రి ఒంటిగంటకు లేచి బిడ్డను తల్లికి అందించడం భర్త చేయగలడు, అందుకు ఎవరూ నేర్పించక్కర్లేదు.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా

ప్రమాదమంతా ఆమెకు కాస్త బాగున్నప్పుడే. నొప్పి తగ్గుతుంది, ఇల్లు చూస్తే చిందరవందరగా ఉంటుంది, చీపురు పట్టుకుంటుంది. బిడ్డ బరువు కంటే ఎక్కువ బరువు ఆరు వారాలు ఎత్తకూడదు. నీళ్ళ బకెట్, తడి బట్టల బేసిన్, గ్యాస్ బండ, చంకలో పెద్దపిల్లాడు, ఇవన్నీ అందులోకే వస్తాయి. బోరింగు కొట్టడం అసలు వద్దు. నడక మాత్రం రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. తగ్గుతున్న రక్తస్రావం మళ్ళీ ఎర్రగా ఎక్కువైందంటే పని ఎక్కువైందేమో చూసి, వెంటనే విశ్రాంతి ఇవ్వాలి. మామూలుగా అయితే అది ఎరుపు నుంచి గోధుమరంగుకు, తర్వాత పాలిపోయిన పసుపుకు మారుతూ ఆరు వారాల వరకూ ఉంటుంది.

21వ రోజు మన బారసాల, ఒడియావాళ్ళ ఎకోయిసియా కూడా అదే రోజు. చేసుకోండి. కానీ పట్టుచీరలో పీట మీద మూడు గంటలు కూర్చోబెట్టకండి. ఆమెకు కుర్చీ వేయండి, అరగంటలో అక్షతలు కానిచ్చి గదికి పంపండి. మిగతా ఫొటోలు బిడ్డతో నాయనమ్మ దిగవచ్చు.

‘నొప్పులు పడకుండా కన్నావు, అదృష్టవంతురాలివి’ అనే చుట్టాలు ఉంటారు. వాళ్ళ నోరు మూయించడం అత్తగారి బాధ్యత. కోడలు సమాధానం చెప్తే తగవు అవుతుంది, అత్తగారు చెప్తే మాట అవుతుంది.

మనసు

మొదటి పది రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, నిద్రా ఓదార్పూ దొరికితే పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే అది జబ్బే, వైద్యం ఉంది. 14416 టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చచ్చిపోవాలనో బిడ్డను ఏదో చేయాలనో మాటలు వస్తే, లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అంటే, ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గర తిప్పే రోజుల్లోనే ప్రాణాలు పోతాయి.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు

108కు ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయల్దేరండి:

- గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోవడం, నిమ్మకాయంత గడ్డలు పడడం, కళ్ళు తిరిగి పడిపోవడం
- ఆయాసం, ఛాతీలో నొప్పి, లేదా ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం
- భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్. గర్భంలో బీపీ లేనివాళ్ళకు కూడా కాన్పు తర్వాత ఆరు వారాల లోపు బీపీ పెరిగి ఇలా రావచ్చు
- 100.4 డిగ్రీలు గానీ, అంతకంటే ఎక్కువ గానీ జ్వరం, చలి వణుకు
- కోత ఎర్రబడి వేడిగా ఉండడం, చీము, దుర్వాసన, కుట్టు విడిపోవడం
- పొట్టలో పెరుగుతున్న నొప్పి, వాంతులు, రక్తస్రావంలో చెడు వాసన

జ్వరం గురించి ఒక మాట. ‘పాల జ్వరం’ అని ఇంట్లో, ‘మలేరియా’ అని ఊళ్ళో తేల్చేస్తారు. కొండప్రాంతంలో మలేరియా పరీక్ష చేయించాల్సిందే, ఆశా దగ్గరే కిట్ ఉంటుంది. అది పాజిటివ్ అయినా కోత, రొమ్ము, మూత్రం కూడా డాక్టరు చూడాలి. రెండూ ఒకేసారి ఉండవచ్చు. సికిల్‌సెల్ (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్న అమ్మాయి అయితే ఆ సంగతి వెళ్ళగానే చెప్పాలి, ఆమెకు గడ్డకట్టే ప్రమాదమూ ఇన్‌ఫెక్షన్ ప్రమాదమూ ఎక్కువ.

ఆరో వారం

బిడ్డకు నెలన్నర టీకాలు పడే రోజే తల్లినీ చూపించండి, ఒకే ప్రయాణంలో అయిపోతుంది. బీపీ, హిమోగ్లోబిన్, కోత చూస్తారు. గర్భంలో షుగర్ వచ్చి ఉంటే మళ్ళీ పరీక్ష చేస్తారు. కాపురం మళ్ళీ మొదలుపెట్టడం ఈ పరీక్ష తర్వాతే, అదీ ఆమె సిద్ధంగా ఉంటేనే. పాలిస్తున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు, నెలసరి రాకముందే మళ్ళీ గర్భం రావచ్చు. గర్భసంచి మీది మచ్చ గట్టిపడడానికి, మళ్ళీ గర్భం వచ్చేలోగా కనీసం రెండేళ్ళ ఎడం ఉండాలి. తొందరగా వస్తే నొప్పుల్లో ఆ మచ్చ దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం పెరుగుతుంది. గర్భం రాకుండా వాడే కాపర్-టి, అంతర ఇంజక్షన్, మాత్రలు, వీటిలో ఏది నప్పుతుందో ఆ రోజే అడిగి తెలుసుకోండి. భర్త కూడా లోపలికి వెళ్ళి వినాలి.

డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి ఆధార్ కార్డుల పక్కన పెట్టండి, ఫోన్లో ఒక ఫొటో కూడా తీసుకోండి. కోత ఎందుకు పెట్టారో, గర్భసంచి మీద ఎలా పెట్టారో అందులోనే ఉంటుంది. మళ్ళీసారి మామూలు కాన్పుకు వీలుందా లేదా అని చెప్పాలంటే ఏ ఊరి డాక్టరైనా ముందు అడిగేది దాన్నే.